మైనస్ 11.4 లీటర్ల వేణ్ణీళ్ళు

వేణ్ణీళ్ళకి చన్నీళ్ళు తోడంటారు. మస్కట్ ఎండాకాలంలో ఆ తోడు దొరకదు. రువీలో మా బిల్డింగు మీద నీళ్ళ టాంకులు రోజంతా ఎండలోనే ఉంటాయి. నీలం గుర్తున్న కుళాయి తిప్పినా కాగిన నీళ్ళే!

పాప పుట్టిన కొత్తలో, స్నానానికి నీళ్ళు తొరపడం చేతకాక, చిన్న ప్రోగ్రాం రాసుకున్నాను (మన జబ్బే అది). సూత్రం బడిలో చదివిందే. వేణ్ణీళ్ళు పోగొట్టుకున్న వేడి, చన్నీళ్ళు పుచ్చుకున్న వేడి సమానం. రెండూ నీళ్ళే కనక విశిష్టోష్ణం కొట్టుకుపోయి ఇది మిగులుతుంది:

వేడినీటి వాటా = (కావలసింది − చన్నీరు) ÷ (వేడినీరు − చన్నీరు)

జనవరిలో చన్నీళ్ళు 22 డిగ్రీలు, గీజర్ నీళ్ళు 60, కావలసినవి 38. వాటా 16/38, అంటే 20 లీటర్ల బకెట్‌లో 8.4 లీటర్లు. బాగానే నడిచింది.

జూన్‌లో చన్నీళ్ళు 46 అని ఇస్తే మైనస్ 11.4 లీటర్లు పొయ్యమంది! ముందు నవ్వొచ్చింది, తర్వాత భయమేసింది. మైనస్ వస్తే సున్నా చేసే లైనొకటి రాసి, ఎందుకో తీసేశాను. అదే ఉండుంటే "వేణ్ణీళ్ళు సున్నా, చన్నీళ్ళు 20" అనేది. నేను నమ్మేవాణ్ణి. కావలసిన ఉష్ణోగ్రత రెండింటి మధ్యా లేకపోతే ఎలా కలిపినా రాదని ఆ మైనస్ చెబుతోంది.

ఇక్కడి పాతకాపులకి ఉపాయం తెలుసు: గీజర్ కట్టేయడం. ఏసీ ఇంట్లో రాత్రంతా ఉండి ఆ నీళ్ళు 28కి దిగుతాయి. ఇప్పుడు ఎర్ర కుళాయిలోవే చన్నీళ్ళు! విచిత్రమేమంటే సూత్రం మార్చక్కర్లేదు. (38−46) ÷ (28−46) = 0.44. మైనస్‌లు రెండూ పోయి, ఎర్ర కుళాయి నుంచి 8.9 లీటర్లు. తప్పల్లా నేను వేరియబుల్స్‌కి పెట్టిన పేర్లలో ఉంది. "వేడి", "చల్ల" తీసేసి "ఎర్ర", "నీలం" అని మార్చాను.

వాడుతున్న కొద్దీ గీజర్‌లోకి టాంకు నీళ్ళే వస్తాయి కనక ముందు పాప స్నానం, తర్వాతే మేము. గోరువెచ్చని నిలవ నీటిలో లీజియొనెల్లా బాక్టీరియా పెరుగుతుంది. అందుకని వారానికోసారి 60 దాకా కాచి మళ్ళీ కట్టేస్తాను. బకెట్‌లో చన్నీళ్ళే ముందు పోస్తాను.

థర్మామీటరు 38 చూపించినా మా అత్తయ్యగారు మోచెయ్యి ముంచి చూడందే ఒప్పుకోరు. "ఉండు బాబూ, నన్ను చూడనీ" అంటారు. నేనూ ఆగుతాను.