బ్యాంకుతో మాట్లాడుతూనే ఉన్నాం కదా!

ఈ మధ్య నా ఆఫీసు మెట్లెక్కిన నాలుగు కుటుంబాలదీ ఒకటే మాట: "బ్యాంకుతో మాట్లాడుతూనే ఉన్నాం కదండీ, కోర్టు దాకా ఎందుకు పోతారు?" నాలుగిళ్ళూ మెల్‌బోర్న్‌లో పాయింట్ కుక్, టార్నీట్ చుట్టుపక్కలవే. 2022 మే నుంచి 2023 నవంబరు వరకు ఆస్ట్రేలియా రిజర్వు బ్యాంకు 13 సార్లు వడ్డీ పెంచింది. 0.10 శాతం ఉన్న రేటు 4.35కి చేరింది. ఆ తర్వాత కాస్త తగ్గినా, అప్పటికే క్రెడిట్ కార్డు గీకి వాయిదాలు నెట్టుకొచ్చినవాళ్ళు తేరుకోలేదు.

చివరగా వచ్చిన దంపతుల సంగతి చెప్తాను. ఆయన కాంట్రాక్టు ఉద్యోగం పోయింది. ఆమె ఏజ్డ్ కేర్‌లో రాత్రి షిఫ్టులు చేస్తోంది. ఊరి నుంచి అత్తమామలు వచ్చి ఉన్నారు. కోర్టు రిట్, అంటే బ్యాంకు వేసిన దావా కాగితం, చేతికి రాగానే ఆయన దాన్ని ప్యాంట్రీలో బియ్యం డబ్బా వెనక దాచేశారు. పెద్దవాళ్ళ కంట పడితే పరువు పోతుందని భయం. పైగా దాని మీద సుప్రీం కోర్టు అని ఉండేసరికి ఏదో మోసమనుకున్నారట. అయ్యా, అది ఢిల్లీ కోర్టు కాదు. విక్టోరియా రాష్ట్రపు పై కోర్టు. ఇల్లు స్వాధీనం చేయమని బ్యాంకులు దావా వేసేది ఎక్కువగా అక్కడే.

రిట్ అందాక హాజరు నోటీసు వేయడానికి ఉండేది 10 రోజులు. వేయకపోతే మీ మాట వినకుండానే తీర్పు వచ్చేస్తుంది. ఆయన నా దగ్గరికొచ్చింది 34వ రోజున. ఆ నెలంతా ప్రతి శుక్రవారం బ్యాంకుకు ఫోన్ చేశారు, చేతనైనంత కట్టారు. మళ్ళీ చెప్తున్నాను: బ్యాంకుతో ఫోన్లో మాట్లాడినంత మాత్రాన కోర్టు గడియారం ఆగదు. వంద డాలర్లు కట్టినా ఆగదు. అవతలి మనిషి "చూస్తాం సర్" అన్నా ఆగదు.

ఆ కాల్స్ తాలూకు నోట్స్ తెప్పించి చదివితే నాకు ఒళ్ళు మండింది. ఉద్యోగం పోయిందని ఆయన మూడుసార్లు చెప్పారు. వాయిదా కట్టలేనని నోటితో చెప్పినా సరే, నేషనల్ క్రెడిట్ కోడ్ 72వ సెక్షన్ ప్రకారం అది హార్డ్‌షిప్ నోటీసే. ఆ ఫోనును సంబంధిత విభాగానికి కలపాల్సింది పోయి, మూడుసార్లూ "ఎప్పుడు కడతారు?" అనే అడిగారు. అందుకే మీ వైపు నుంచి "హార్డ్‌షిప్" అన్న మాట వాడండి. అదే రోజు ఈమెయిల్ పెట్టండి, రిఫరెన్స్ నంబరు అడిగి రాసుకోండి. ఇంకా వివరాలేమీ అడగకపోతే 21 రోజుల్లో బ్యాంకు జవాబివ్వాలి. కాదంటే ఆఫ్కా ఉంది, ఆర్థిక ఫిర్యాదుల సంస్థ. పైసా ఖర్చు లేదు. ఫిర్యాదు అక్కడ నడుస్తున్నంత కాలం బ్యాంకు ఇంటి జోలికి రాకుండా మామూలుగా ఆగాల్సిందే. కానీ తీర్పు పడ్డాక ఆ తలుపు దాదాపు మూసుకున్నట్టే. ఈ దంపతులకు మూసుకుపోయింది.

"పోనీ బ్యాంకరప్సీ వేసేద్దామా?" అని అడిగారు. దివాలా తీస్తే కార్డు బాకీల నుంచి ఊపిరాడుతుందేమో గానీ, తాకట్టులో ఉన్న ఇంటి మీద బ్యాంకు హక్కు పోదు. ఇండియాలో మీ పేరున్న స్థలమూ లెక్కలోకొస్తుంది. 3 సంవత్సరాల 1 రోజు పాటు ట్రస్టీ అనుమతి లేకుండా దేశం దాటలేరు. ఊళ్ళో తండ్రికి సీరియస్ అని కబురొచ్చినా ముందు అనుమతి అడగాల్సిందే. జాతీయ దివాలా రికార్డులో పేరు శాశ్వతంగా ఉండిపోతుంది. ఎవరో స్నేహితుడు చెప్పాడని ఆ ఫారం నింపకండి.

చివరికి బ్యాంకు లాయర్లతో వాదించి, ఇల్లు ఖాళీ చేయించే షెరీఫ్ రాకుండా, వాళ్ళే ఇల్లు అమ్ముకునేందుకు గడువు తెచ్చుకోగలిగాం. బ్యాంకు కోర్టు ఖర్చులన్నీ ఆ అప్పులోనే కలిశాయి. పదో రోజుకు ముందే వచ్చుంటే ఆఫ్కాకు వెళ్ళేవాళ్ళం, బహుశా ఇల్లు మిగిలేది.

మీ ఇంట్లోనూ తెరవని కవరు ఉంటే ఈ రాత్రే తెరవండి, ఎప్పుడు అందిందో చూడండి, భార్యకో భర్తకో చూపించండి. రేపు పొద్దున్నే నేషనల్ డెట్ హెల్ప్‌లైన్‌కు, 1800 007 007కి ఫోన్ చేయండి. ఉచితం. ఇంగ్లీషు ఇబ్బందైతే ముందు 131 450కి చేసి, తెలుగు దుబాసీ కావాలని అడగండి.