నిలువుటంగీ మీది రక్తము

పాఠ్యభాగము: ఆదికాండము 37:29-35



యోసేపు అన్నలు అతని నిలువుటంగీని మేకపిల్ల రక్తములో ముంచి తండ్రికి పంపిరి. యాకోబు దానిని గుర్తుపట్టెను. అంగీ కుమారునిదే, రక్తమును నిజమైన రక్తమే. అయినను అడవిమృగము కుమారుని చంపెనని ఆయన చేసికొనిన నిర్ణయము నిజము కాదు. యోసేపు బ్రదికియే యుండెను. ఆ రక్తము మరియొక విధముగా అంటియుండునేమో అని అక్కడ ఎవరును అడుగలేదు.

హత్యను కన్నులార చూచినవారు లేనప్పుడు, చుట్టునున్న సంగతులనుబట్టి నేరము నిర్ణయించుటకు తోడ్పడు సాక్ష్యమును పరిస్థితుల సాక్ష్యమందురు. దొరికిన కత్తి, రక్తపు మరక, పాతపగ, చనిపోయినవానితో కడసారి కనబడుట, ఇవన్నియు అట్టివే. ఇది పనికిమాలిన సాక్ష్యము కాదు. హత్య తరచుగా చాటున జరుగును గనుక, దీనినిబట్టియే శిక్ష విధింపవచ్చును. అయితే దానికి గట్టి కొలత యున్నది.

మహారాష్ట్రలో ఒక యువతి విషమువలన మరణింపగా, సెషన్సు కోర్టు ఆమె భర్తకు మరణశిక్ష విధించెను; హైకోర్టు దానిని ఖాయపరచెను. కాని ఆమె ఆత్మహత్య చేసికొనియుండవచ్చునను సందేహము తొలగిపోలేదు. 1984లో సుప్రీంకోర్టు అతనిని విడుదల చేయుచు, అయిదు నియమములను తేటపరచెను:

1. ప్రతి సంగతియు పూర్తిగా రుజువు కావలెను. “చేసియుండవచ్చును” అనుట చాలదు. “చేసియే యుండవలెను” అని తేలవలెను.
2. ఆ సంగతులు నిందితుని నేరముతోనే పొసగవలెను.
3. అవి నిశ్చయమైన నిర్ణయమునకు నడిపింపవలెను.
4. మరి యే యితర కారణమునకును తావుండరాదు.
5. గొలుసులో ఒక్క కొక్కెమైనను తెగియుండరాదు.

యాకోబు నాలుగవ నియమమునొద్ద తప్పిపోయెను గదా!

రుజువు చేయు భారము నేరము మోపినవారిదే. 1872 నాటి సాక్ష్య చట్టమునకు బదులుగా 2024 జూలై 1 నుండి భారతీయ సాక్ష్య అధినియమము వచ్చినను, ఈ భారము మారలేదు. సహేతుకమైన సందేహము మిగిలినచో దాని ఫలము నిందితునికే చెందును. అనుమానమెంత బలమైనదైనను రుజువు కానేరదు.

మన గ్రామములలోనో, పోలీసులు ఒకని తీసికొనిపోయిన సాయంకాలమే రచ్చబండ తీర్పు చెప్పివేయును. వాని భార్యను బావియొద్ద ఎవరును పలుకరింపరు. వాని బిడ్డల ప్రక్కను మన బిడ్డలను కూర్చుండనియ్యము. సాక్షులను పిలువకమునుపే ఆ యింటివారికి మనము శిక్ష వేసితిమి. “నిప్పు లేనిదే పొగ రాదు” అందుము. నిప్పున్నమాట నిజమే, అది యెవరి పొయ్యిలోనిదో తెలియవలెను గదా!

అట్లని హతుని తల్లి కన్నీటిని తేలికగా ఎంచరాదు. నిరపరాధి శిక్షింపబడినచో అసలు హంతకుడు తప్పించుకొనును; ఆమెకు న్యాయము దొరకదు. కాబట్టి చూచినది తెలిసియు మౌనముగా ఉండువాడు దోషియే యని లేవీయకాండము 5:1 హెచ్చరించుచున్నది. ఎరిగినవారు భయపడక కోర్టులో చెప్పవలెను. ఎరుగనివారు నోరు మూసికొనవలెను.

ఆ రెండు ఇండ్లకును ఈ నెలలో వెళ్లుదము. ఇరువురితోను కూర్చుండి ప్రార్థింతము.

ఆలోచింపుడి: మనము విన్నదెంత? చూచినదెంత? ఊహించినదెంత?