తెల్లమచ్చ కనబడితే



హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో కుదిరిన సంబంధం తప్పిపోవడానికి పిల్ల మోచేతిమీద రూపాయిబిళ్లంత తెల్లమచ్చ చాలు. ఒకరు బొల్లి అంటారు, మరొకరు కుష్ఠు అంటారు. చాలాసార్లు అది రెండూ కాదు.

పిల్లల చెంపలమీద పాలిపోయిన మచ్చలు కడుపులో పురుగులవల్ల వచ్చాయనుకుంటాం. ఎక్కువగా అవి పొడిచర్మంవల్ల వచ్చేవి, నెలలమీద సర్దుకుంటాయి. పెద్దవారి కాళ్లమీద బియ్యపు గింజల్లాంటి చుక్కలు ఎండవల్ల, వయసువల్ల వస్తాయి. వాటితో ప్రమాదం లేదు. మగ్గంవద్ద చెమటోడ్చే వారి మెడకు, వీపుకు వచ్చేది తరచు శోభి. గీకితే సన్నని పొట్టు రాలుతుంది. మందుతో శోభి పోయినా రంగు తిరిగి రావడానికి నెలలు పడుతుంది. అంతలోనే మందు పనిచేయలేదని డాక్టర్లను మారుస్తుంటారు!

బొల్లి మచ్చ పాలలా తెల్లగా ఉంటుంది. అది అంటువ్యాధి కాదు, స్పర్శ పోదు. స్టిక్కర్ బొట్టు జిగురువల్ల కూడా నుదుట రంగు పోవచ్చు. అలా అయితే స్టిక్కర్ మానేయాలి.

కుష్ఠు మచ్చ అంత తెల్లగా ఉండదు. పాలిపోయిగానీ ఎర్రబారిగానీ ఉంటుంది, సాధారణంగా దురద ఉండదు, స్పర్శ తగ్గుతుంది. కళ్లు మూయించి దూదికొసతో మచ్చను తాకండి. ఎక్కడ తాకారో వేలితో చూపలేకపోతే వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్లండి. చూపగలిగినా, మచ్చ పెరుగుతుంటే డాక్టరుకు చూపించవలసిందే.

లేవీయకాండము 13వ అధ్యాయం చదివి భయపడేవారున్నారు. 39వ వచనం దాకా చదవరు కాబోలు. చర్మంమీద మసకతెలుపు మచ్చలున్నవారు శుద్ధులేనని అక్కడ ఉంది. అనుమానం తీరనప్పుడు యాజకుడు ఏడు రోజులు ఆగి మళ్లీ చూసేవాడు. మనమో, ఒక్క చూపుతో తీర్పు చెప్పేస్తాం.

కుష్ఠుకు కారణమైన క్రిమిని నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లో కనుగొన్నాడు. 1982 నుండి బహుళ ఔషధ చికిత్స ఉంది. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే ఈ మందులను, వ్యాధి తీరునుబట్టి 6 లేక 12 నెలలు వాడాలి. ఆలస్యం చేస్తే నరాలు దెబ్బతిని వేళ్లు వంకరపోతాయి. ఆ నష్టాన్ని మందు పూర్తిగా పూడ్చలేదు. క్రైస్తవులకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టంలో కుష్ఠు కూడా విడాకులకు ఒక కారణంగా ఉండేది. 2019లో పార్లమెంటు దాన్ని తొలగించింది.

ఇంట్లో ఒకరికి ఈ వ్యాధి ఉందని తేలితే వేరే కంచం, వేరే పడక అక్కరలేదు. మందు మొదలైన కొద్ది రోజులకే అంటే గుణం పోతుంది. ఇంట్లో మిగిలినవారిని మాత్రం తప్పక పరీక్ష చేయించండి. తగినవారికి ముందు జాగ్రత్తగా రిఫాంపిసిన్ ఒక్క మోతాదు ఇస్తారు.