ఇంటి పరిసరాలలో తేళ్లు: గుర్తింపు, నివారణ, ప్రథమ చికిత్స

వేరుశనగ కట్టెను వామి వేసే కాలంలోను, తొలకరి వానలకు బొరియలు తడిసినపుడును గ్రామాలలో తేలు కాటు సంఘటనలు తరచుగా వినవస్తాయి. రైతు కుటుంబాలలో కట్టెలు, పిడకలు, రాళ్ల కుప్పలు ఇంటికి ఆనుకొని ఉండుట ఇందుకు ముఖ్య కారణం. తేలు కాటులో ప్రాణాపాయం కొన్ని సందర్భాలకే పరిమితమైనను, ఆ కొన్నింటిని సకాలంలో గుర్తించకపోవుట వలన, ముఖ్యంగా పిల్లల విషయంలో, నష్టం జరుగుతున్నది. అందుచేత విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు ఈ విషయమై స్పష్టమైన అవగాహన కలిగి ఉండాలి.

గుర్తింపు

తేలు కీటకం కాదు. సాలెపురుగు, గోమారి వలె ఇదియు ఎనిమిది కాళ్లు గల అరాక్నిడా తరగతికి చెందిన జీవి. ముందుభాగాన పటకారు వంటి రెండు చేతులు, వెనుక ఖండాలుగా ఉండే తోక, దాని చివర విషగ్రంథులతో కూడిన కొండి ఉంటాయి. తల్లి పిల్లలనే కంటుంది. అవి మొదటిసారి కుబుసం విడిచే వరకు తల్లి వీపుపైనే ఉంటాయి.

మన ప్రాంతంలో రెండు రకాలను వేరుగా గుర్తించుట అవసరం.

1. ఎర్ర తేలు (హాటెంటోటా టామ్యులస్): సుమారు 5 నుండి 9 సెం.మీ. పొడవు, నారింజ నుండి ఎరుపు కలిసిన గోధుమ రంగు, చేతులు సన్నగా, తోక లావుగా ఉంటాయి. వైద్యపరంగా అత్యంత ప్రమాదకరమైనది ఇదే.

2. నల్ల తేలు లేక మండ్రగబ్బ (హెటెరోమెట్రస్ జాతి): పెద్ద శరీరం, నలుపు రంగు, చేతులు వెడల్పుగా, తోక సన్నగా ఉంటాయి. ఇది కుట్టినపుడు నొప్పి, వాపు కలిగినను సాధారణంగా ప్రాణాపాయం ఉండదు.

కనుక ఆకారం చూసి భయపడుట, చిన్నదని ఉపేక్షించుట రెండును పొరపాట్లే. చేతులు సన్నగా, తోక లావుగా ఉన్న తేలును ఎక్కువ ప్రమాదకరమైనదిగా భావించాలి.

విషం పనిచేయు విధానం

ఎర్ర తేలు విషం నాడీకణాలలోని సోడియం మార్గాలపై పనిచేసి, అడ్రినలిన్ వంటి పదార్థాలను ఒక్కసారిగా రక్తంలోనికి విడుదల చేయిస్తుంది. అందువలన విపరీతమైన చెమట, వాంతులు, చేతులు కాళ్లు చల్లబడుట, గుండె వేగం, రక్తపోటు పెరుగుట కనిపిస్తాయి. తీవ్రమైన స్థితిలో ఊపిరితిత్తులలో నీరు చేరి ఆయాసం, నురగతో కూడిన దగ్గు వస్తాయి. నొప్పి తీవ్రత ప్రమాదానికి కొలమానం కాదు. నొప్పి తక్కువగా ఉన్నను చెమట, వాంతులు, చల్లబడుట ఉంటే వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

చికిత్స

మహారాష్ట్రలోని మహాడ్‌లో పనిచేసిన వైద్యులు హిమ్మత్‌రావు బావస్కర్ 1980వ దశకంలో ప్రాజోసిన్ అనే మందును ఈ కాటుకు వాడి, దాని ప్రయోజనాన్ని ప్రపంచ దృష్టికి తెచ్చారు. రక్తనాళాల బిగువును సడలించే ఈ మందు వాడుకలోకి వచ్చిన తరువాత మరణాలు గణనీయంగా తగ్గాయి. విషనిరోధక సీరంను ప్రాజోసిన్‌తో కలిపి ఇచ్చినపుడు రోగులు త్వరగా కోలుకొన్నట్లు వారు 2011లో ప్రచురించిన పరిశీలన తెలిపింది. ఈ మందులను వైద్యుల పర్యవేక్షణలోనే వాడాలి.

ఆసుపత్రికి చేరేలోపు గాయాన్ని సబ్బు నీటితో కడిగి, గుడ్డలో చుట్టిన మంచుముక్కను ఉంచాలి. ఉంగరాలు, గాజులు తీసివేయాలి. రోగిని కదలకుండా ఉంచి 108 వాహనాన్ని పిలువాలి. కట్టు బిగించుట, కోయుట, నోటితో పీల్చుట చేయరాదు. కుట్టిన తేలును పట్టుటకు సమయం వృథా చేయరాదు.

మంత్రంతో తగ్గినదను నమ్మకానికి కారణం ఉన్నది. చాలా కాట్లలో నొప్పి కొన్ని గంటలలో దానంతటదే తగ్గుతుంది. ఆ ఉపశమనం మంత్రానికి ఆపాదింపబడుతుంది. తీవ్రమైన కాటులో మాత్రం ఆ గంటలే అమూల్యమైనవి.

నివారణ

• కట్టెలు, పిడకలు, పశుగ్రాసం, రాళ్లను ఇంటి గోడకు దూరంగా ఉంచాలి. గోడల పగుళ్లు, తలుపుల కింది సందులు పూడ్చాలి.
• చెప్పులు, దుస్తులు, పరుపులు దులిపి వాడాలి, నేలపై నిద్రించరాదు.
• రాత్రి టార్చి లేకుండా తిరగరాదు. కట్టెలు, రాళ్లు తీసేటపుడు చేతికి తొడుగు, కాళ్లకు బూట్లు ధరించాలి.
• అతినీలలోహిత టార్చి వెలుగులో తేలు ఆకుపచ్చ నీలం కలిసిన కాంతితో మెరుస్తుంది. రాత్రివేళ ఇంటి చుట్టూ తనిఖీకి ఇది చక్కని సాధనం. అయితే అప్పుడే కుబుసం విడిచిన తేలు మెరవదు.
• కనిపించిన తేలును పొడవాటి పటకారుతో పట్టి, నునుపైన లోతు గాజు సీసాలో వేస్తే పైకి ఎక్కలేదు.

తేలు బొద్దింకలను, చిమటలను తిని జీవిస్తుంది. ఆహారం లేకుండా నెలల తరబడి బ్రతుకగలదు. కావున విచక్షణ లేకుండా పురుగుమందులు చల్లుట కంటె, అది దాగే చోట్లను, దాని ఆహారమైన పురుగులను తగ్గించుటయే స్థిరమైన మార్గం.

విస్తరణ సిబ్బంది రైతు సదస్సులలో సస్యరక్షణతో పాటు ఈ అంశాన్ని చేర్చాలి. తమ పరిధిలోని ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ప్రాజోసిన్, సీరం లభించునో ముందుగా విచారించి గ్రామస్థులకు తెలియజేయుట వారు చేయగల మేలైన సేవ.