ట్రాక్టరులో పాటల పెట్టెకు బ్యాటరీ దగ్గరే ఫ్యూజు ఉండాలి

ట్రాక్టరుకు పెద్ద స్పీకర్లు, యాంప్లిఫయరు బిగించుకునే కుర్రకారు చాలా ఊళ్లలో కనిపిస్తారు. వద్దంటే వినేవారు తక్కువ. కనీసం వైరింగు అయినా సరిగ్గా చేయించుకోవాలి.

12 వోల్టులే కదా, షాక్ కొట్టదు కదా అని ఇంట్లో మిగిలిన సన్న వైరు ముక్కతో లాగేస్తుంటారు. చిక్కంతా ఇక్కడే ఉంది. ఇంటి కరెంటు మీద 300 వాట్ల వస్తువు తీసుకునేది 1.3 ఆంపియర్లే. అదే 300 వాట్లు 12 వోల్టుల బ్యాటరీ నుంచి రావాలంటే 25 ఆంపియర్లు కావాలి. వైరు వేడెక్కేది ఆంపియర్లను బట్టి. అవి రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. 1 చదరపు మి.మీ. రాగి వైరును ప్లస్‌కూ, మైనస్‌కూ మూడేసి మీటర్లు లాగారనుకోండి. 25 ఆంపియర్లు పారేటప్పుడు రెండున్నర వోల్టులకు పైగా వైరులోనే పోతాయి. అంటే 60 వాట్ల బల్బుకు మించిన వేడి ఆ తొడుగు కింద పుడుతుందన్న మాట. వెనక ట్రాలీలో వరిగడ్డి ఉంటే ఇక చెప్పేదేముంది! 6 చదరపు మి.మీ. వైరైతే పోయేది అర వోల్టు లోపే.

పెట్టె మీద 1000 వాట్లని అచ్చువేసి ఉన్నా నమ్మనక్కర లేదు. యాంప్లిఫయరుకు గుచ్చి ఉన్న ఫ్యూజు మీది అంకె చూడండి. అది 25 గానీ 30 గానీ ఉంటే 6 చదరపు మి.మీ. మెత్తని రాగి వైరు, 30 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతాయి.

అక్కడ ఒక ఫ్యూజు ఉండగా మరొకటి ఎందుకని అడుగుతారు. అది యాంప్లిఫయరు కోసం. బ్యాటరీ నుంచి అక్కడిదాకా వచ్చే వైరుకు దానివల్ల రక్షణ లేదు. దారిలో ఇనుప అంచుకు రాసుకుని తొడుగు తెగి బాడీకి తగిలితే, బ్యాటరీ ఒక్కసారిగా వందల ఆంపియర్లు కుమ్మరిస్తుంది. అందుకే ప్లస్ టెర్మినల్ నుంచి జానెడు లోపే ఫ్యూజు పెట్టాలి. ఫ్యూజు పోతే రాగి తీగ చుట్టడం, సిగరెట్టు రేకు పెట్టడం బొత్తిగా పనికిరాదు.

వైరును సైలెన్సరుకూ, డీజిలు పైపుకూ దూరంగా తీసుకెళ్లి, రేకు రంధ్రం గుండా పోయే చోట రబ్బరు బుష్ వేయాలి. మైనస్ వైరు బాడీకి బిగిస్తే అక్కడ రంగు, తుప్పు గీకి నట్టు గట్టిగా బిగించాలి.

పని మొదలుపెట్టేటప్పుడు బ్యాటరీ మైనస్ ముందు విప్పాలి, చివర బిగించాలి. ప్లస్ ముందు విప్పితే పానా బాడీకి తగిలి నిప్పులు చిమ్ముతాయి. ఇంజను ఆపి గంటల తరబడి పాటలు పెడితే మాత్రం తెల్లారి సెల్ఫ్ తిరగదు.