మూత్రపిండంలో ఉప్పు మోసే ప్రోటీన్లు



నేను అరకులో హాస్టల్లో ఉండి ఏడో తరగతి చదివే రోజుల్లో, మా గదిలో ఒక తమ్ముడు రాత్రిళ్లు పక్క తడిపేవాడు. మేమంతా వాణ్ణి ఏడిపించేవాళ్లం. చీకటి పడ్డాక నీళ్లు తాగనిచ్చేవాళ్లం కాదు. కాళ్లు, కీళ్లు నొప్పులని వాడు తరచూ మూలిగేవాడు. చాలా ఏళ్ల తర్వాత రక్త పరీక్షలో వాడికి సికిల్ సెల్ జబ్బు ఉందని తేలింది. పక్క తడపడానికీ ఆ జబ్బుకూ ఉన్న సంబంధం నాకు డిగ్రీలో జంతుశాస్త్రం చదివాకే అర్థమైంది. అది మీకు ఇప్పుడే తెలియాలని ఈ పాఠం రాస్తున్నాను.

ఉప్పును ఎవరు మోస్తారు?

మన మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని రక్తం నుంచి వడకడతాయి. అందులో దాదాపు కిలోన్నర ఉప్పు ఉంటుంది. బయటికి పోయే మూత్రం మాత్రం లీటరున్నరే. మిగతా నీరు, ఉప్పులో చాలా భాగం తిరిగి రక్తంలో చేరతాయి. ఈ పని ఒక్కో మూత్రపిండంలోని సుమారు 10 లక్షల నెఫ్రాన్లది.

ఉప్పు కణత్వచాన్ని తనంతట తాను దాటలేదు. త్వచంలోని రవాణా ప్రోటీన్లు దాటిస్తాయి. వీటిలో ముఖ్యమైనది సోడియం-పొటాషియం పంపు. ఇది ఒక్కో విడతకు 3 సోడియం అయాన్లను బయటికి పంపి, 2 పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. అందుకు ఒక ఏ.టి.పి. అణువు ఖర్చవుతుంది. 1895లో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు, హార్వర్డులో ఫిస్కేతో కలిసి 1929లో వెల్లడించింది ఈ ఏ.టి.పి. గురించే. పంపును 1957లో పీత నరాల్లో గుర్తించిన డెన్మార్కు శాస్త్రవేత్త స్కౌకు 1997లో నోబెల్ బహుమతి వచ్చింది.

పంపు వల్ల కణంలో సోడియం తగ్గుతుంది. అప్పుడు హెన్లీ శిక్యపు పైకెక్కే భాగంలో మరో ప్రోటీన్ ఒక సోడియం, ఒక పొటాషియం, రెండు క్లోరైడ్ అయాన్లను కలిపి నాళిక నుంచి కణంలోకి తెస్తుంది. అక్కడి గోడ నీటిని దాటనివ్వదు. అందువల్ల ఉప్పు మాత్రమే బయటపడి, మూత్రపిండం లోపలి భాగమైన దవ్వలో పోగవుతుంది. యూరియా కూడా తోడై, దవ్వ అడుగుభాగం రక్తం కంటే సుమారు 4 రెట్లు గాఢంగా తయారవుతుంది.

మామిడి ముక్కలకు ఉప్పు పట్టిస్తే నీరు ఊరడం చూశారు కదా! అలాగే పక్కనే ఉన్న సంగ్రహణ నాళంలోని నీరు ఉప్పటి దవ్వలోకి ఊరి రక్తంలో కలుస్తుంది. మూత్రం చిక్కబడుతుంది. రాత్రంతా మనం లేవకుండా నిద్రపోగలగడానికి ఇదొక కారణం.

ఇతర జంతువుల్లో

కప్పకు హెన్లీ శిక్యం లేదు. దాని మూత్రం రక్తం కంటే చిక్కబడదు. పోయిన ఉప్పును అది నీటి నుంచి చర్మం ద్వారా పీల్చుకుంటుంది. అక్కడ పనిచేసే సోడియం మార్గం లాంటిదే మన సంగ్రహణ నాళంలోనూ ఉంది. విశాఖ తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లు అదనపు ఉప్పును కంటి దగ్గరి గ్రంథుల ద్వారా కన్నీరులా వదులుతాయి. సొరచేపకు ఆ పనికి పురీషనాళం దగ్గర ఒక గ్రంథి ఉంది. అందులోని ప్రోటీన్ మన హెన్లీ శిక్యంలోని ప్రోటీన్‌కు తోబుట్టువు. అమెరికా ఎడారుల్లోని కంగారూ ఎలుక నీళ్లు తాగకుండానే బతకగలదు. దాని మూత్రం మన మూత్రం కంటే 4 రెట్లు చిక్కబడగలదు.

సికిల్ సెల్ ఉంటే ఏమవుతుంది?

మన ఏజెన్సీ ప్రాంతంలో ఈ జబ్బు ఉంది. తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ ఆ జన్యువు వస్తే జబ్బు వస్తుంది. ఒకరి నుంచే వస్తే వాహకులవుతారు. ఇందులో హిమోగ్లోబిన్ ఆక్సిజన్ తగ్గినచోట గట్టిపడి, ఎర్ర రక్తకణం కొడవలిలా వంగుతుంది. దవ్వలో ఆక్సిజన్ తక్కువ, ఉప్పు ఎక్కువ. ఆ ఉప్పు, మామిడి ముక్కలోంచి లాగినట్టే, ఎర్ర కణంలోంచీ నీరు లాగుతుంది. కణాలు వంగి సన్నని రక్తనాళాలకు అడ్డుపడతాయి. క్రమంగా దవ్వ దెబ్బతిని మూత్రం చిక్కబడదు. చిన్న వయసు నుంచే ఎక్కువ మూత్రం వస్తుంది. రాత్రి పక్క తడుస్తుంది. అలాంటి బిడ్డకు నీళ్లు ఆపితే ఒంట్లో నీరు తగ్గి, కణాలు మరింత వంగి, నొప్పులు ఎక్కువవుతాయి. మేం చేసిన తప్పు అదే.

గుర్తుంచుకోండి

1. పక్క తడిపే ప్రతి బిడ్డకూ సికిల్ సెల్ ఉందని కాదు. కానీ కీళ్ల నొప్పులు, రక్తహీనత, కళ్లు పచ్చబడడం తోడైతే పరీక్ష తప్పనిసరి.
2. 2023 జూలైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద 40 ఏళ్ల లోపు వారికి పరీక్షలు చేస్తున్నారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగండి.
3. జబ్బు ఉన్నవారు నీళ్లు బాగా తాగాలి. డాక్టరు ఇచ్చిన మందులు మానకూడదు.
4. ఇది అంటువ్యాధి కాదు. పక్కన పడుకుంటే రాదు.

మీ గదిలో రాత్రి లేచే తమ్ముడుంటే నవ్వకండి. వార్డెన్ గారికి చెప్పి పరీక్షకు తీసుకెళ్లండి. దాహమంటే నీళ్లివ్వండి.