ఆటస్థలములో మన నోరు

పాఠ్యభాగములు: సామెతలు 15:1, సామెతలు 24:17, యాకోబు 3:9-10



మన ప్రాంతములనుండి ఎందరో యువతీయువకులు చదువు నిమిత్తము అమెరికాకు వెళ్లుచున్నారు. అక్కడి కళాశాలలలో ఆటల పోటీలు గొప్ప ఉత్సవమువలె జరుగును. ఆటస్థలములో విద్యార్థులకొరకు ప్రత్యేకముగా ఒక భాగముండును. వారు ఒకే రంగు దుస్తులు ధరించి, అనేకులు ఆట ముగియువరకు నిలువబడియే కేకలు వేయుదురు. తమ జట్టును ప్రోత్సహించుట మంచిదే. అయితే అదే నోట ఎదుటివారిపై దూషణ వచ్చినయెడల ఏమి చేయవలెను? దీనిని ఈ నెల ఆలోచింతము.

1. తప్పు ఎట్లు పెరుగును?

ఒంటరిగా నున్నప్పుడు పలుకుటకు సిగ్గుపడు మాటను, వందమందిలో నిలిచినవాడు బిగ్గరగా పలుకును. "నేనొక్కడనే కాదుగదా" అని మనస్సునకు సర్ది చెప్పుకొనును. ముందు వరుసలోని నలుగురు ఎత్తుకొన్న కేకను వెనుకవారు ఆలోచింపక అందుకొందురు. కాని ఆ కేక తగులునది ఒక్కనికే. అతడును ఇరువది ఏండ్ల విద్యార్థియే, అతనికిని తల్లిదండ్రులున్నారు. ఒకే నోట స్తోత్రమును శాపమును రాకూడదని యాకోబు హెచ్చరించినది గుంపులో నున్నవానికిని వర్తించును.

2. ఒక పెద్దాయన వ్రాసిన ఉత్తరము

నార్త్ కరోలినా రాష్ట్రములోని డర్హమ్ పట్టణమున డ్యూక్ విశ్వవిద్యాలయము కలదు. అక్కడి బాస్కెట్‌బాల్ మందిరములో విద్యార్థులు ఆటగాండ్రకు అతి సమీపముగా నిలుతురు. 1984 జనవరిలో మేరీలాండ్ జట్టు అక్కడికి వచ్చెను. ఆ జట్టులోని ఒక యువకునిపై స్త్రీ విషయమై వచ్చిన ఆరోపణను పట్టుకొని, విద్యార్థులు అతనిని హేళన చేసి, ఆటస్థలములోనికి వస్తువులు విసరిరి. ఆ విధముగా ఒక స్త్రీ బాధ కూడ నవ్వులాటయ్యెను.

అప్పటి విశ్వవిద్యాలయాధ్యక్షుడు టెర్రీ శాన్‌ఫర్డ్, పూర్వము ఆ రాష్ట్రమునకు గవర్నరుగా పనిచేసినవాడు. ఆయన కోపముతో శిక్షలు ప్రకటింపలేదు. జనవరి 17న విద్యార్థులందరికి ఒక ఉత్తరము వ్రాసి, క్రింద "టెర్రీ మామయ్య" అని సంతకము చేసెను. బూతులు పలుకుట తెలివిలేమికి గురుతని, చమత్కారముగా ఉత్సాహము చూపవచ్చునని, మిమ్మును మీరే అదుపులో నుంచుకొనవలెనని బుద్ధి చెప్పెను.

జనవరి 21న నార్త్ కరోలినా జట్టు వచ్చినప్పుడు విద్యార్థులు తలలపై దేవదూతల తేజోవలయములవంటివి పెట్టుకొని వచ్చిరి. రిఫరీ తీర్పు నచ్చనప్పుడు తిట్టక, "మేము మర్యాదతో విభేదించుచున్నాము" అని కేక వేసిరి. ఆ ఆటలో డ్యూక్ ఓడెను. అయినను వారి ప్రవర్తన నేటికిని చెప్పుకొనబడుచున్నది. మృదువైన మాట క్రోధమును చల్లార్చునను సామెతకు ఇది మంచి దృష్టాంతము.

3. నవ్వించుట వేరు, నొప్పించుట వేరు

బాస్కెట్‌బాల్‌లో తప్పిదము జరిగినప్పుడు ఆటగాడు 15 అడుగుల దూరమునుండి అడ్డులేకుండ బంతి వేయు అవకాశము పొందును. అతని దృష్టి మరల్చుటకు అరిజోనా స్టేట్ విద్యార్థులు 2013లో ఒక ఉపాయము కనిపెట్టిరి. బుట్ట వెనుక తెర కట్టి, అతడు బంతి వేయబోవు క్షణమున దానిని తొలగింతురు. లోపల వింత వేషగాండ్రు గంతులు వేయుదురు. ఇందులో ఎవని కుటుంబమును, రంగును, పుట్టుకను దూషింపలేదు. ఇది పోటీలో చెల్లు చమత్కారము.

4. గెలిచిన గడియలో

ఓడినప్పటికంటె గెలిచినప్పుడు గుంపు ఎక్కువ అదుపు తప్పును. 2024 ఫిబ్రవరి 24న వేక్ ఫారెస్ట్ జట్టు డ్యూక్‌ను ఓడించగానే ప్రేక్షకులు ఆటస్థలములోనికి పరుగెత్తిరి. ఆ తోపులాటలో డ్యూక్ ఆటగాడు కైల్ ఫిలిపౌస్కి కాలికి దెబ్బ తగిలెను. అట్టివాటిని అరికట్టుటకు సౌత్ఈస్టర్న్ కాన్ఫరెన్స్ అను కళాశాలల కూటమి 2025లో ఒక్కొక్క ఉల్లంఘనకు 5,00,000 డాలర్ల జరిమానా నిర్ణయించెను. జరిమానా కాళ్లను ఆపవచ్చును గాని మనస్సును మార్చలేదు. శత్రువు పడినప్పుడు సంతోషింపవద్దను సామెత మనస్సుతోనే మాటలాడుచున్నది.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన ఊరి కబడ్డీ పందెములో మనము పలికిన మాటలు ఎదుటి ఊరి బిడ్డ తల్లి వినినయెడల ఏమనుకొనును?
2. గుంపులో చెడ్డ కేక లేచినప్పుడు మౌనముగా నుండుట చాలునా? మంచి కేకను మొదలుపెట్టువారు ఎవరు?
3. యువకులను దిద్దునప్పుడు మన పెద్దలు గద్దింపును ముందుంచుచున్నారా, నమ్మకమును ముందుంచుచున్నారా?

యౌవనస్థులారా, ఈ నెలలో మీరు చూడబోవు ఆటలో ఎదుటి జట్టువాడు చక్కగా ఆడినప్పుడు ఒక్కసారియైనను చప్పట్లు కొట్టుడి. మీ ప్రక్కనున్నవాడు దానిని చూచి నేర్చుకొనును.